ఇంకా పైకి రాని మనిషి

మా రూదినాలో గనిని గని అని ఎవరూ అనరు, బావి అంటారు. ఆ బావి తవ్వింది ఫిదాన్కా వాళ్ల తాతగారి బంగాళాదుంపల చేలో. అంతకుముందు మాది గొర్రెల ఊరు. నవంబరులో కురిసిన మంచు ఏప్రిల్ దాకా కరిగేది కాదు. యుద్ధం అయిపోయాక ఒక వేసవిలో కంచర గాడిదల మీద పెట్టెలు వేసుకుని కొందరు వచ్చారు. కొండలో సీసం ఉంది, జింకు ఉంది అన్నారు. చేలో కర్రలు పాతారు. పదేళ్లు తిరిగేసరికి నాలుగంతస్తుల ఇళ్లు లేచాయి, సినిమా హాలు వచ్చింది, రోజుకి నాలుగు బస్సులు తిరిగాయి. మైదానం నుంచి వచ్చిన మగవాళ్లతో ఊరు నిండిపోయింది.

"మా తాత చేలోకే కదరా దిగుతున్నారు, కాళ్లు తుడుచుకుని దిగండి" అని తర్వాతి రోజుల్లో ఫిదాన్కా కుర్రాళ్లను ఆటపట్టించేది.

నా పేరు దెస్పా. బావి క్యాంటీనులో వంట నాది. ఫిదాన్కా నాకంటే మూడేళ్లు పెద్ద. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య నడుమెత్తు రాతి గోడ ఒకటే అడ్డం. ఊరి సంగతి చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ఆమె సంగతే గుర్తొస్తుంది.

ఇరవయ్యో ఏట ఆమె ఇంజన్ గదిలో చేరింది. బావి నోటికి ఎదురుగా ఉంటుంది ఆ గది. అందులో మనిషెత్తు చక్రం, దానికి చుట్టుకున్న ఇనుప తాడు, ఆ తాడు చివర మనుషుల్ని దించే పంజరం. కింద ఎవరున్నారో నడిపేవాళ్లకి కనబడదు. పైనా కిందా పంజరం ఎక్కేవాళ్లు తాడు లాగి ఈ గదిలోని గంట కొడతారు. ఒక గంటకి ఆపాలి, రెండింటికి పైకి లాగాలి, మూడింటికి కిందికి దించాలి. ఫిదాన్కా నడిపితే పంజరం ఆగినట్టు కూడా తెలిసేది కాదని మగవాళ్లు చెప్పుకునేవాళ్లు. ఆడవాళ్లు బావిలోకి దిగకూడదు. అది చట్టం. చట్టం లేకపోయినా మావాళ్లు దిగనిచ్చేవాళ్లు కాదు, అపశకునం అనేవాళ్లు. అలా ఊళ్లో ఉన్న ప్రతి మగవాడినీ రోజూ దించి, రోజూ తీసిన మనిషి, తను మాత్రం ఎప్పుడూ దిగలేదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం షిఫ్టులో ఎవడో మూడు గంటలు కొట్టాక ఇంకో చిన్న గంట తగిలించడం మొదలుపెట్టాడు. రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు స్నానాల గది ముందు నిలబడి, బయటికి వస్తున్న వాళ్లందరినీ ఆపింది. నేను క్యాంటీను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

"గంటతో ఆడుకునేది ఎవడు?"

పక్క కొండ నుంచి వచ్చిన హరలాంపి ముందుకొచ్చాడు. సొరంగాల కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అతనిది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"నేనేనండి."

"అది చర్చి గంట కాదు. ఒకటి ఎక్కువైతే మనుషులు చస్తారు. తెలుసా?"

"తెలుసండి. మీ పేరు అడుగుదామని కొట్టాను. పేరు అడగడానికి ఎన్ని గంటలు కొట్టాలో మాకెవరూ చెప్పలేదు."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఫిదాన్కా నవ్వలేదు. "ఇంకోసారి కొడితే సగంలో వేలాడదీసి నేను భోజనానికి పోతాను" అని వెళ్లిపోయింది. ఆ శరదృతువులో వాళ్ల పెళ్లయింది. బ్యాగ్‌పైపులు మోగాయి, గొర్రెపిల్లని కాల్చారు, మా అమ్మ నా చేత మూడు పళ్లేల బంగాళాదుంప రొట్టె చేయించింది.

కాపురం మూడేళ్లు కూడా సాగలేదు.

అరవై తొమ్మిది, ఏప్రిల్ నెల. పొద్దున షిఫ్టుని ఫిదాన్కాయే దించింది. మధ్యాహ్నం, బావిలో పైనుంచి ఆరో వరస సొరంగాల్లో, ఆరో లెవల్ అంటాం, కప్పు కూలింది. ముగ్గురు పని చేస్తున్న చోట ఇద్దరు బయటపడ్డారు. వాళ్లను పైకి లాగిందీ ఆమే. పంజరం తలుపు తీసి ఆ ఇద్దరూ దుమ్ము కొట్టుకుపోయి బయటికొచ్చారు, ఇంజన్ గది వైపు చూడకుండా తలలు దించుకుని నడిచిపోయారు. ఆ నడక చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

షిఫ్టు పెద్ద దోబ్రి గదిలోకి వచ్చాడు. వెనకే నేనూ వెళ్లాను.

"నువ్వింటికి పో అమ్మా. ఇంకొకళ్లని కూర్చోబెడతాను."

"పొద్దున నేనే దించాను బాబాయ్. నేనే తీస్తాను."

"చేతులు వణుకుతాయి తల్లీ."

ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. వణకడం లేదు. ఆయన టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

వెతకడానికి దిగినవాళ్లలో వెలిన్ అని ఒకడు. అప్పటికి రాళ్లకు బెజ్జాలు వేసే పనిలో ఉండేవాడు, హరలాంపికి స్నేహితుడు. దిగే ముందు ఇంజన్ గది గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, దొరికితే ఐదు గంటలు కొడతాను. ఐదు వినబడ్డాయంటే ప్రాణంతో ఉన్నట్టు."

వారం పైనే వెతికారు. వాళ్లను దించడం, తీయడం అంతా ఆమె చేతుల మీదే జరిగింది. నిద్ర వస్తే ఆ గదిలోనే బల్ల మీద పడుకునేది. నేను సూపు తీసుకెళ్లేదాన్ని. గంట మోగినప్పుడల్లా చెంచా గాల్లో ఆగిపోయేది. ఒకటి, రెండు. అక్కడితో ఆగిపోయేది. చెంచా మళ్లీ గిన్నెలోకి దిగేది. రెండోసారి కప్పు కూలినప్పుడు వెతికేవాళ్లలో ఒకడి కాలు విరిగింది. ఇక చాలని ఇంజినీరు చెప్పాడు. ఆ సొరంగం నోరు గోడ కట్టి మూసేయమన్నాడు.

గోడకి సిమెంటు కావాలి. బస్తాలు పంజరంలోకి ఎక్కిస్తుంటే కిటికీలోంచి చూసింది. మూడు గంటలు మోగాయి. చక్రం నడిపే లివర్ మీద చెయ్యి వేసి, పట్టుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయింది. మళ్లీ మూడు మోగాయి, ఈసారి మెల్లగా. అప్పుడు దించింది. తన మొగుణ్ని మూసిన గోడకి సిమెంటు దించింది కూడా ఆమే. ఆ మాట ఊళ్లో ఎవరూ పైకి అనలేదు.

"నా కొడుక్కి సమాధి లేకపోతే కొవ్వొత్తి ఎక్కడ పెట్టను?" అని అత్తగారు ఏడిస్తే, పెళ్లినాటి సూటు పెట్టెలో పెట్టి పూడ్చారు. పెట్టె తేలిగ్గా ఉంది. మోసేవాళ్లు బరువు లేదని తెలియనివ్వకుండా నెమ్మదిగా నడిచారు.

మా దగ్గర ఏటేటా పోయినవాళ్ల ఫొటోతో కాగితం అచ్చు వేయించి తలుపులకి, స్తంభాలకి అంటిస్తారు. ఫిదాన్కా ఏప్రిల్లో ఒక కాగితం ఇంజన్ గది తలుపుకి అంటించేది. ఫొటోలో హరలాంపికి ఇరవై ఏడు. ఆమె జుట్టు నెరిసింది, కళ్లజోడు వచ్చింది, ఫొటో మాత్రం అదే. ఒక వయసు దాటాక, కొత్తగా చేరిన పిల్లలు "మీ అబ్బాయా అమ్మా?" అని అడిగేవాళ్లు. "కాదు బాబూ, మా ఆయన" అని పనిలో పడిపోయేది.

బావిలోకి దిగేవాళ్లకి దీపాలిచ్చే గదికి మారుస్తామన్నారు, ఆఫీసులో కూర్చోమన్నారు. వద్దంది. ఆ కుర్చీలోనే ఉండిపోయింది.

వెలిన్ పెళ్లి చేసుకోలేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని డాక్టర్లు అతన్ని బెజ్జాల పని నుంచి తప్పించి నీళ్ల పంపుల మీద వేశారు. బావి అడుగున ఊరే నీటిని ఆపకుండా పైకి తోడాలి. పంపులు ఆగితే బావి నిండిపోతుంది. క్యాంటీనుకి వచ్చినప్పుడు నేను ఊరుకునేదాన్ని కాదు.

"ఏం వెలిన్ అన్నా, ఆ మోటార్లనే పెళ్లాడేశావా?"

"అవి నయం చెల్లెమ్మా. రోజూ చిక్కుడు సూపే పెట్టి, పైగా ఎలా ఉందని అడగవు."

ఒక ఆగస్టులో, గని కార్మికుల పండగనాడు, పైన పచ్చిక బయలులో ఊరంతా కూడింది. నేను మాంసం ముక్కలు వడ్డిస్తూ వాళ్లిద్దరి వెనకే ఉన్నాను. అందుకని విన్నాను. వినకపోతే బాగుండేది.

"ఫిదాన్కా, నాలుగేళ్లయింది. నా సంగతి నీకు తెలుసు. ఒప్పుకుంటావా?" అన్నాడు వెలిన్. అంతవరకూ వదినా అనేవాడు, ఆ రోజే పేరు పెట్టి పిలిచాడు.

ఆమె చేతిలోని రొట్టెముక్కని తుంచుతూ ఉంది.

"ఆయన ఇంకా పైకి రాలేదు వెలిన్."

"సరే" అన్నాడు. లేచి వెళ్లి బ్యాగ్‌పైపు వాయించేవాడికి బ్రాందీ పోసి, తనూ తాగాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. అయినా రోజూ షిఫ్టు దిగేముందు ఇంజన్ గది కిటికీ మీద వేళ్లతో కొట్టి వెళ్లేవాడు. ఆమె తలూపేది. దించేది. సాయంత్రం తీసేది. ఏళ్ల తరబడి వాళ్ల మధ్య జరిగింది అంతే.

ఎనభై తొమ్మిది తర్వాత ప్రభుత్వం మారింది. సీసం కొనేవాళ్లు లేరన్నారు. ముందు సినిమా హాలు మూశారు, తర్వాత బేకరీ మూశారు, తర్వాత సాయంత్రం బస్సు ఆగింది. జనం మూటలు కట్టుకుని మైదానంలోని ప్లోవ్‌దివ్ వైపు, ఆ తర్వాత స్పెయిన్ దాకా వెళ్లారు. నాలుగంతస్తుల ఇళ్ల కిటికీలు ఒక్కొక్కటే చీకటైపోయాయి. బావిలో పదో లెవల్ వదిలేశారు, తొమ్మిది వదిలేశారు, ఎనిమిది వదిలేశారు. నీళ్లు ఆ మేరకు పైకొచ్చాయి. ఏడో లెవల్లో మాత్రం ఒక పంపు ఆడుతూనే ఉంది. పాడైన రెండు పంపుల్లోంచి భాగాలు తీసి దానికి తగిలించి వెలిన్ నడిపాడు. ఏడో లెవల్లో ఖనిజం ఎప్పుడో అయిపోయింది. అక్కడ పంపు ఎందుకని ఇంజినీరు అడిగితే, పైనున్న పనిచోట్లకి తడి రాకుండా అని ఏదో చెప్పాడు.

నాకు మాత్రం ఒకసారి క్యాంటీనులో నిజం చెప్పాడు. "అది ఆగితే నీళ్లు ఆరో లెవల్‌కి, ఆ గోడ దాకా వస్తాయి చెల్లెమ్మా." ఆ ముక్క చెప్పి సూపు తాగేశాడు. ఫిదాన్కాకి చెప్పొద్దన్నాడు. చెప్పలేదు.

తొంభై రెండు నవంబరులో కరెంటు ఆపేస్తామని కాగితం వచ్చింది. ఆపేలోగా పనికొచ్చే యంత్రాలన్నీ పైకి లాగాలి. పంపు కూడా.

ఆ మర్నాడు పొద్దున ఫిదాన్కా వెలిన్‌ని ఇంజన్ గదిలోకి పిలిచింది.

"పంపు తీసే ముందు నేనొకసారి దిగాలి."

"నువ్వా?"

"నేనే. ఇప్పుడు కూడా అపశకునం అంటారా? ఇంకేం చెడాలి?"

దోబ్రి అప్పటికి రిటైరై ముసలివాడయ్యాడు. కబురు పెడితే కర్ర పట్టుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆమె గోధుమలు ఉడికించి, చక్కెర, వాల్‌నట్ పొడి కలిపి గిన్నెలో పెట్టుకుంది. సమాధుల దగ్గర పంచుకునే గోధుమలవి. రెండు కొవ్వొత్తులు, చిన్న సీసాలో వైన్ తీసుకుంది. వెలిన్ తన రెండో టోపీ ఆమెకిచ్చి, గడ్డం కింద పట్టీ బిగించాడు.

కింద జరిగింది వెలిన్ చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు. పంజరం దిగుతున్నంతసేపూ ఆమె అతని చొక్కా పట్టుకుని నిలబడిందట. "ఇంత చీకట్లోకా నేను మిమ్మల్ని దించుతూ వచ్చింది?" అందట. ఆరో లెవల్లో కప్పు నుంచి కారిన నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి. గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. సిమెంటు మీద పసుపుపచ్చటి మట్టి పేరుకుపోయి ఉంది. ఆమె చేత్తో తుడిచింది. కొవ్వొత్తులు వెలిగించి గోడ అంచున నిలబెట్టింది. వైన్ పోసింది. పిడికెడు గోధుమలు తను తిని, పిడికెడు వెలిన్‌కి పెట్టింది.

తర్వాత గోడకి చెంప ఆనించి మాట్లాడిందట. పక్క గదిలో పడుకున్న మనిషితో మాట్లాడినట్టు.

"లాంపీ, రేపు పంపు తీసేస్తున్నాం. నేనే తీస్తాను. నీళ్లొస్తాయి. భయపడకు. మెల్లగానే వస్తాయట. వెలిన్ చెప్పాడు."

వెలిన్ దూరంగా వెళ్లి నిలబడ్డాడు. అతనికి దగ్గొచ్చింది, నోటికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు గంట తాడు దగ్గర ఆగింది. ఎన్నో ఏళ్లు విన్న గంట, ఒక్కసారి కూడా కొట్టలేదు. "నేను కొడతాను" అంది. తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఐదు కొడుతుందేమో అనుకున్నాడట వెలిన్. ఆమె రెండే కొట్టింది.

మర్నాడు పంపు పైకొచ్చింది. ఎప్పటిలాగే కుదుపు లేకుండా తెచ్చింది. ముక్కలు ముక్కలుగా తుప్పు పట్టిన ఇనుము, దాని మీద నీళ్లు కారుతున్నాయి. బయట మేమందరం నిలబడ్డాం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఏడవలేదు. ఆమె బ్రేకు వేసి, చేతులు తుడుచుకుని, ఇంటికి నడిచింది. నేను పక్కనే నడిచాను. మా రాతి గోడ దగ్గర ఆగి అడిగింది.

"ఏడో లెవల్లో ఆ పంపు ఇన్నాళ్లూ ఎందుకు నడిపాడే దెస్పా?"

నేను గోడ మీద కదిలిన రాయి ఒకటి సర్దాను.

"నీకు తెలుసు."

"తెలుసక్కా."

లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మూడు రోజులు పొయ్యి వెలగలేదు. నేను గోడ మీదనుంచి గిన్నె అందిస్తే తీసుకుంది, తిన్నదో లేదో తెలియదు.

తర్వాత కూడా వాళ్లిద్దరూ దగ్గరైంది లేదు. అప్పటికే ఆలస్యమైపోయిందనుకున్నారో, అలవాటైపోయిందో. వెలిన్ నాలుగో అంతస్తులో ఒక్కడే ఉండేవాడు. మొత్తం మెట్ల దారిలో అతనిదొక్కటే దీపం. ఊపిరి తగ్గుతూ వచ్చింది. ఒక అక్టోబరులో రొట్టె కొనడానికి కిందికి దిగి, మళ్లీ ఎక్కలేక మెట్ల మీదే కూర్చుండిపోయాడని ఎవరో చెప్పారు. ఫిదాన్కా చెక్కబండి తోసుకుంటూ వెళ్లింది. అతని పరుపు, రెండు దుప్పట్లు, రేడియో అందులో వేసి, అతన్ని పట్టుకుని నడిపించుకుంటూ తన ఇంటికి తెచ్చింది.

ఊళ్లో మిగిలిన నలుగురు ముసలమ్మలు అప్పుడు కూడా ఊరుకోలేదు.

"ఈ వయసులో ఇదేం పనే ఫిదాన్కా?" అని ఒకావిడ దారిలో ఆపి అడిగింది.

"ఆ వయసులో చేయలేదుగా అత్తా. అందుకని ఇప్పుడు."

ఆ శీతాకాలం అతను పడుకోలేకపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. కిటికీ పక్కన కుర్చీలో, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదికి వంగి కూర్చునేవాడు. నేను పాలు తీసుకుని వెళ్లేదాన్ని. ఒకరోజు నా ముందే అన్నాడు, ఒక్కో మాటకీ ఆగుతూ.

"ఇంకోసారి అడిగి ఉండాల్సింది."

ఫిదాన్కా ఊలు అల్లుతోంది. తలెత్తలేదు. "అడిగినా కాదనేదాన్నే."

"తెలుసు. అయినా అడగాల్సింది."

ఆమె సూదులు ఆగాయి. లేచి, దిండు సరిచేసే నెపంతో అతని తలని పొట్టకి ఆనించుకుని నిలబడింది. నేను పాలగిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను.

మార్చిలో పోయాడు. ఇంకా మంచు ఉంది. కింద పట్నం నుంచి ఫాదర్ వచ్చాడు. గొయ్యి ఎక్కడ తవ్వాలని అడిగితే ఫిదాన్కా హరలాంపి పేరున్న శిలువ చూపించింది.

"అక్కడ మనిషున్నాడు కదమ్మా" అన్నాడు ఫాదర్. ఆయన కొత్తవాడు.

"లేడు ఫాదర్. సూటుంది."

"అయినా, భర్త సమాధిలో పరాయివాణ్ని..."

"ఆయనకి చోటు దొరికింది. వీడికి నేను ఇవ్వగలిగింది ఇదొక్కటే."

తవ్వితే పెట్టె చెక్క చివికిపోయి ఉంది. గుడ్డ లేదు. నల్లటి బొత్తాములు దొరికాయి. వాటిని రుమాల్లో కట్టి వెలిన్ తలవైపు పెట్టింది. ఈసారి పెట్టె మోసినవాళ్లకి బరువు తెలిసింది. ఊళ్లో మగవాళ్లు చాలక ఒక చివర నేను కూడా పట్టుకున్నాను.

అక్కడా ఆమె ఏడవలేదు. హరలాంపి పోయినప్పుడు ఏడవలేదు, పంపు తీసినప్పుడు ఏడవలేదు. ఈమెకి ఏడుపు రాదని మేం ఒప్పేసుకున్నాం.

ఆ జూలైలో మా ఇంటి వెనక బల్ల దగ్గర కూర్చుని ఇద్దరం బంగాళాదుంపలు తురుముతున్నాం. మంచి ఎండగా ఉంది. ఏదో చెప్పి నవ్విస్తున్నాను. హరలాంపి గంట కొట్టిన కథ, స్నానాల గది ముందు అతను అన్న మాట. ఆ కథ అంటే ఆమెకి ఇష్టం, ఎన్నిసార్లు చెప్పినా వింటుంది. నేను అతని మాట చెప్తుంటే ఆమె తురుము ఆపేసింది.

"దెస్పా, ఆ మాట ఏ గొంతుతో అన్నాడే?"

"ఏ గొంతు ఏంటక్కా, ఆయన గొంతే."

"సన్నగా ఉండేదా, లావుగా ఉండేదా?"

ఆలోచించాను. నాకూ గుర్తు రాలేదు.

"వెలిన్ గొంతు వినబడుతుంది. ఆ దగ్గుతో సహా వినబడుతుంది. ఆయనది రావడం లేదు. పొద్దున్నుంచీ వెతుకుతున్నాను. మాటలున్నాయి, గొంతు లేదు. ఎప్పుడు పోయిందో కూడా చూసుకోలేదే."

తురుము చేతికంటుకునే ఉంది. ఆ చేతులతోనే మొహం కప్పుకుంది. అప్పుడు ఏడ్చింది. చిన్నపిల్లలా, నోరు తెరిచి, గట్టిగా, కొండ అవతలికి వినబడేలా ఏడ్చింది. వినడానికి ఊళ్లో ఎవరూ లేరు. నేను గిన్నె పక్కకి జరిపి ఆమె పక్కన కూర్చున్నాను.